బుగ్గమ్మ ఇంటి నాలుగు హద్దులు

బ్యాంకు నుంచి ఫోను వచ్చేసరికి నాగరాణి పప్పు మిల్లులో చాట ముందు కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. గురువారం పొద్దున ఇంటి విలువ కట్టడానికి ఇంజనీరు వస్తారని, ఇంటి కాగితాలు, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు తీసి పెట్టుకోమని, ఇల్లు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి తప్పకుండా ఇంట్లో ఉండాలని అవతలి గొంతు గడగడా చెప్పి పెట్టేసింది. నాగరాణి చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని, లోపలికి వెళ్లి మూడు రోజులు సెలవు అడిగింది. పన్నెండేళ్లుగా ఆ మిల్లులో పనిచేస్తూ ఆమె వరుసగా మూడు రోజులు మానేసింది ఇంతకు ముందు ఒక్కసారే, మామ కిష్టప్ప పోయినప్పుడు.

ఆమెకు సొంతంగా పిండి పట్టే గిర్ని ఒకటి పెట్టుకోవాలని ఉంది. జొన్నలు, కారం, పసుపు పట్టించాలంటే వాళ్ల గల్లీ ఆడవాళ్లు నెత్తిన డబ్బా పెట్టుకుని రైలు గేటు దాటి పోవాలి. గేటు పడితే అరగంట నిలబడాలి. ముందు గదిలో మిషను పెడితే ఆ అవస్థ తప్పుతుంది, తనకు మిల్లు దుమ్ము తప్పుతుంది. భర్త శ్రీశైలం సరేనన్నాడు. అతను బండల లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు దారి మీదే ఉంటాడు. అప్పు కోసం బ్యాంకులో పెట్టాల్సిన ఇల్లు మాత్రం అతని తల్లి బుగ్గమ్మ పేరు మీద ఉంది. ఆమెను అడిగితే ఇంకా తొందరగా ఒప్పుకుంది.

"గిర్ని ఇంట్లనే ఉంటే పిండి మెత్తగ పట్టుకోవచ్చు. నా పండ్లకు గిప్పటి పిండి రొట్టె నమలవస్తలేదు" అని బ్యాంకుకు వచ్చి, చూపించిన చోటల్లా వేలిముద్ర వేసి, తిరిగి వస్తూ ఆటోలో నిద్రపోయింది.

తాండూరులో బండల పాలిష్ మిషన్ల వెనకనున్న గల్లీలో ఉంటుంది ఆ ఇల్లు. గోడలూ బండలవే, కప్పూ బండలదే. వరుసగా మూడు గదులు, వెనక మేకల దొడ్డి. మిషన్ల నుంచి ఎగిరే తెల్లటి పొడి వాకిట్లో, గుమ్మాల మీద, ఆరేసిన బట్టల మీద పడుతూనే ఉంటుంది. నాగరాణి సోమవారం సాయంత్రం నుంచే నడుం బిగించింది. సామానంతా దొడ్లోకి చేర్చి, గోడలు గీకి, శ్రీశైలం తెచ్చిచ్చిన లేత ఆకుపచ్చ రంగు తానే వేసింది. వంటింటి గోడకు మసి పోక రెండు సార్లు వేసింది. కారుతున్న కుళాయికి దారం చుట్టింది. కింద బండలను ఇటుక ముక్కతో రుద్ది రుద్ది కడిగితే, ఎప్పుడో పరిచిననాటి నీలం రంగు తేలింది.

ఎదురింటి ఇంద్రమ్మ మంగళవారం చూడటానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎంత మంచిగ చేసినవ్ పిల్లా! కానీ ఆ పగులుంది చూడు, కప్పు కింద. దాని మీద క్యాలెండర్ ఏలాడెయ్. మా అన్నోళ్లింటికి వచ్చినాయన గోడను కొట్టి కొట్టి చూసిండు."

"ఏలాడేస్త అక్కా. ఇంకేం చూస్తరు?"

"అన్నీ చూస్తరు. ఈ మూల నుంచి ఆ మూల దాంక కొలుస్తరు. జాగ మొత్తం కొలిచి రాసుకపోతరు."

మేకలకు వేప కొమ్మ తెచ్చిన బుగ్గమ్మ అప్పుడే దొడ్డి గుమ్మంలో అడుగు పెట్టింది.

"ఎవరు కొలుస్తరు?" అంది.

"బ్యాంకోళ్లు అత్తా. గురువారం."

బుగ్గమ్మ కొమ్మ అక్కడే పడేసి దొడ్లోకి వెళ్లిపోయింది.

డెబ్బై ఏళ్ల మనిషి ఆమె. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎండాకాలమైనా భుజం మీద గొంగడి ఉండాల్సిందే. పుట్టిల్లు కన్నడ దేశంలో, సరిహద్దు దాటితే నాలుగో ఊరు. కోపమొస్తే ఆ భాషే నోట్లోకి వస్తుంది. నడివయసులో కొన్నేళ్లు కిష్టప్పతో కలిసి మంద వెంట కొడంగల్, బొంరాస్‌పేట, పరిగి దాకా కాలినడకన తిరిగింది. అతను పోయాక గొర్రెలను అమ్మేసినా, రెండు మేకలను మాత్రం ఎవరు ఎంతన్నా ఇవ్వలేదు.

నాగరాణి తల్లి లేని పిల్ల. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమెకు జడ కూడా సరిగా వేసుకోవడం రాదు. బుగ్గమ్మ రోజూ పొద్దుగూకే వేళ ఆమెను గుమ్మంలో కూర్చోబెట్టి, నూనె పెట్టి, చిక్కు తీసి, గట్టిగా జడ వేసేది. ఏడాది పాటు వేసింది. ఒక్క మాట కూడా దెప్పలేదు. ఆ ఏడాది తర్వాత నాగరాణి ఆమెను అత్తా అని పిలిచినా, మనసులో ఆ పిలుపుకు వేరే అర్థం ఉండేది.

అందుకే బుధవారం జరిగిన సంగతులు ఆమెకు ఒక పట్టాన అర్థం కాలేదు. పొద్దున లేచి చూస్తే కడిగిన ముందు గదిలో మేకలు రెండూ నిలబడి ఉన్నాయి. కొత్త రంగు గోడకు ఒకటి వీపు రుద్దుకుంటోంది. తాడు తెగిందేమో అనుకుని తోలి కట్టేసింది. తొమ్మిదింటికి వాకిలి తుడిచి లోపలికి వెళ్లి వచ్చేసరికి, అడుగు పెట్టే సందు లేకుండా జొన్నలు ఆరబోసి ఉన్నాయి. అవి ఆరిన జొన్నలే. మధ్యాహ్నం గోడకు వేలాడేసిన క్యాలెండర్ కిందికి వచ్చేసింది, పగులు నోరు తెరుచుకుని కనబడుతోంది.

"అత్తా, గిదంతా నువ్వే చేస్తున్నవా?"

"నాకేం పని?" అని బుగ్గమ్మ మొహం తిప్పుకుంది.

మూడింటికి కాగితాల సంచి తీసి అన్నీ ఉన్నాయో లేదో చూద్దామని బీరువా తెరిస్తే సంచి లేదు. బట్టల మడతల్లో లేదు, బియ్యం డబ్బాలో లేదు, దేవుడి పటం వెనక లేదు. శ్రీశైలానికి ఫోను చేస్తే అతను లారీ హారన్ల మధ్య నుంచి "నేనెందుకు తీస్త? మంచిగ ఎతుకు" అని అరిచాడు. నాగరాణి వెతకాల్సిన చోట్లన్నీ వెతికి, చివరికి దొడ్లోకి వెళ్లింది. మేకల మధ్య పీట వేసుకుని, ఎండలో గొంగడి మెడ దాకా చుట్టుకుని కూర్చుంది బుగ్గమ్మ. గొంగడి అంచు కింద ప్లాస్టిక్ సంచి మూల కనబడుతోంది.

"కాగితాలు నీ దగ్గరున్నయా అత్తా?"

"ఏం కాగితాలు?"

"ఇంటియి."

బుగ్గమ్మ మేక చెవిలో గోమారిని వెతుకుతున్నట్టు తల వంచుకుంది. నాగరాణి ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"ఇయ్యి అత్తా. రేపు పొద్దుగాల బ్యాంకోళ్లు వస్తరు. నేను మూడు దినాల సంది సచ్చిపోతున్న."

"ఇయ్య. బ్యాడ. బ్యాడంటే బ్యాడ!" అని కన్నడంలో వద్దు వద్దంటూ సంచిని కడుపుకు అదుముకుంది. "కొలిచేటోళ్లు ఊకెనే రారు పిల్లా. ఒక్కసారి కొలిచి రాసుకున్నంక అది మనది కాదు."

ఆ గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. ఇరవై ఏళ్లలో బుగ్గమ్మ భయపడటం నాగరాణి చూడలేదు. ఒకసారి తోడేలును కర్రతో అదిలించిన మనిషి ఆమె. నాగరాణి లేచి లోపలికి వెళ్లి దువ్వెన, నూనె సీసా తెచ్చి, అత్త వెనక రాయి మీద కూర్చుని, ముడి విప్పి నెమ్మదిగా దువ్వడం మొదలుపెట్టింది. తెల్లటి జుట్టు, చారెడు కూడా లేదు.

"మనకు చేనుండె, ఎరుకేనా?" అంది బుగ్గమ్మ.

"మామ చెప్తుండె. కాలువల పోయిందని."

"ఎట్ల పోయిందో చెప్పిండా?"

"లే."

"చెప్పడు." బుగ్గమ్మ మేక మెడ నిమిరింది. "శ్రీశైలం అప్పుడు ఏడాది పిలగాడు. మీ మామ గొర్లెంబడి పరిగి దిక్కు పోయిండు. నలుగురు వచ్చిండ్రు, ఇనుప గొలుసు ఏసుకొని. గంత దూరం ఎండల వచ్చిండ్రని సల్ల పోసిన. రొట్టెలు చేసి పెట్టిన. వాళ్లల్ల ఒకనికి జరమొచ్చి చెట్టు కింద పండుకుండు. గొలుసు పట్టేటందుకు మనిషి తక్కువైండు. ‘అమ్మా, జర గీ కొస పట్టుకో’ అన్నరు."

దువ్వెన ఆగింది.

"పట్టుకున్న. పిలగాన్ని సంకనేసుకొని, నవ్వుకుంట, వాళ్లు యాడ నిలవడమంటే ఆడ నిలవడ్డ. ఈ కొస నుంచి ఆ కొస దాంక మన చేను నేనే కొలిపిచ్చిన. ఎందుకు కొలుస్తున్నరని అడగాలని కూడ తెల్వలే. మల్ల ఏడాదికి మిషన్లు వచ్చి నడుమ నుంచి తవ్వుకుంట పోయినయి."

"నువ్వు పట్టుకోకుంటే ఇంకొకరు పట్టుకుందురు గద అత్తా."

"పట్టుకుందురు. కానీ పట్టుకున్నది నేను."

"మామ ఏమన్నడు?"

"ఏమనలే. గదే నా బాధ. వచ్చి చూసిండు, కాలువ గట్టు మీద కూసున్నడు, లేచి వచ్చి అన్నం పెట్టమన్నడు. సచ్చేదాంక ఒక్క మాట అనలే. తిట్టినా అయిపోతుండె. నలబై ఏండ్లాయె, ఆ గొలుసు గిప్పటికీ చేతుల ఉన్నట్టే ఉంటది."

నాగరాణి ముడి వేసి, ముందుకు వచ్చి, ఆమె చేతులు రెండూ పట్టుకుంది. పాలిష్ మిషన్ల దగ్గర పదిహేనేళ్లు బండలు కడిగిన చేతులవి. వేలిముద్ర సరిగా పడక బ్యాంకులో నాలుగు సార్లు ఒత్తించారు.

"మామకు మనసుల కోపముంటే, ఆ చేనుకు సర్కారు ఇచ్చిన పైసలతోని కొన్న జాగ నీ పేరు మీద ఎందుకు రాపిస్తడు?"

"ఆయన గొర్లకాడ తిరిగేటోడు. సంతకానికి ఎవరన్న ఊర్లుండాలె గద. గందుకే."

అబద్ధం చెప్పి సంచి తీసుకోవచ్చు, కానీ నాగరాణి ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయింది.

"ఇను అత్తా. వాళ్లు కొలిచేది ఇల్లు ఎంత ఖరీదు చేస్తదో రాసుకునేటందుకు. ఇల్లు మనదే ఉంటది. కానీ మనం కిస్తులు కట్టకపోతే తీసుకుంటరు. ఆ మాట కూడ చెప్తున్న, దాచిపెట్ట. నేను కడుత. నీకు వద్దనిపిస్తే చెప్పు, గిప్పుడే ఫోన్ చేసి రావద్దంట."

ఆమె నిజంగానే ఫోను తీసింది. బుగ్గమ్మ ఆ ఫోనునూ ఆమె ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

"మరి గిర్ని?"

"గిర్ని లేకుంటే ఏమాయె. మిల్లుకు పోతనే ఉన్న గద."

నాగరాణి గోళ్ల సందుల్లో ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది. దుమ్ముకు ఎర్రబడ్డ కళ్ల కింద నీలం గీతలు. బుగ్గమ్మ ఆ గోళ్లను ఒకసారి తడిమింది.

"రానీ," అంది చివరికి. "కానీ నేను చాయ్ పొయ్య. గొలుసు ముట్ట. కాగితాలు నా తాననే ఉంటయి. అడిగినప్పుడు నా చేతులతోని ఇస్త."

"గట్లనే కానీ అత్తా."

ఇంజనీరు మర్నాడు పదింటికి వికారాబాద్ నుంచి రైల్లో వచ్చి, స్టేషన్లో ఆటో మాట్లాడుకుని దిగింది. పేరు దీక్షిత. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. భుజానికి సంచి, చేతిలో అట్టకు బిగించిన కాగితాలు. చెప్పులు బయట విప్పబోతే నాగరాణి వద్దంది, ఆమె వినకుండా విప్పే లోపలికి వచ్చింది. కడిగిన బండలను చూసి "మంచిగ మెరుస్తున్నయి అక్కా" అంది. మూడు రోజుల అలసట అక్కడే సగం తీరినట్టయింది నాగరాణికి.

ఆమె గదులన్నీ తిరిగి ఫోటోలు తీసింది. మీటరు నంబరు రాసుకుంది. గోడలను వేళ్లతో తట్టి చూసింది. నాగరాణి మళ్లీ వేలాడేసిన క్యాలెండర్ దగ్గరికి తిన్నగా వెళ్లి, దాని కింది అంచు పట్టి పైకెత్తి, పగులును ఒక చూపు చూసి, ఫోటో తీసి, క్యాలెండర్ మళ్లీ వదిలేసింది.

"బండల ఇండ్లకు గిది మామూలే అక్కా. కప్పు మీద సందులు నింపిస్తే సరిపోతది. దాచిపెడితే మాకు అనుమానం ఎక్కువైతది."

నాగరాణికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

బుగ్గమ్మ వెనక గది గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్లో సంచి, సంచి మీద గొంగడి. దీక్షిత వెళ్లి ఆమె ముందు గొంతుకూర్చుంది.

"అవ్వా, ఇల్లు నీ పేరు మీదనేనంట గద. కొలుచుకోవాల్నా మరి?"

ఎవరూ తనను అలా అడుగుతారని బుగ్గమ్మ అనుకున్నట్టు లేదు. "గొలుసు యాడుంది?" అంది అనుమానంగా.

"గొలుసా? గొలుసు లేదవ్వా. గిదే." దీక్షిత అరచేతిలో ఇమిడే చిన్న యంత్రం చూపించి మీట నొక్కింది. ఎదుటి గోడ మీద ఎర్రటి చుక్క పడింది. "ఇక్కడి నుంచి ఆ చుక్క దాంక ఎంత దూరముందో గిదే చెప్తది."

"కొస ఎవరూ పట్టుకునే పని లేదా?"

"లేదవ్వా. నేనొక్కదాన్నే చాలు."

బుగ్గమ్మ ఆ ఎర్ర చుక్కను చూస్తూ ఉండిపోయింది. గోడ దగ్గర నిలబడ్డ నాగరాణి నీళ్లు తాగే వంకతో వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి సంచి దీక్షిత చేతిలో ఉంది.

గదుల కొలతలు అయిపోయాయి. ఇక కాగితంలో ఉన్న హద్దులూ బయట ఉన్న హద్దులూ ఒకటేనా కాదా చూడాలి. దీక్షిత పాత దస్తావేజు విప్పి వాకిట్లో నిలబడి చదివింది.

"తూర్పు నాగవ్వ ఇల్లు. పడమర ఎంకమ్మ కొట్టము. ఉత్తరము బాట. దక్షిణము బండల మిషను ప్రహరీ." తలెత్తి అటూ ఇటూ చూసింది. తూర్పున మూడంతస్తుల భవనం. పడమర రేకుల కింద మోటారు సైకిళ్లు బాగుచేసే దుకాణం. "బాట సరే. ప్రహరీ సగం కూలింది గానీ ఉంది. నాగవ్వ ఎవరు అక్కా? ఎంకమ్మ ఎవరు?"

నాగరాణి ఆ పేర్లు ఎన్నడూ వినలేదు. ఆమె కాపురానికి వచ్చేటప్పటికే అక్కడ భవనం ఉంది, దుకాణం ఉంది.

"మా ఆయనకు తెలుసేమో, ఫోన్ చేస్త మేడం."

శ్రీశైలం ఫోను ఎత్తలేదు. దీక్షిత పెన్ను కాగితం మీద ఆడించింది. "హద్దులు తేలకపోతే గట్లనే రాయాల్సొస్తది అక్కా. అప్పుడు మల్ల సర్వే చేపించి తెమ్మంటరు. ఎన్నాళ్లు పడ్తదో నేను చెప్పలేను."

నాగరాణి గోడలకు రంగు వేసింది, మసి గీకింది, కుళాయి కట్టింది. ఎన్నడో ఉన్న మనుషులను ఎక్కడి నుంచి తేవాలి?

"నాగవ్వ పేరు గందుల రాసుందా?"

బుగ్గమ్మ గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది.

"రాసుందవ్వా. నీకు ఎరుకనా?"

"ఎరుకనా అంటవేంది! మా ఇంట్ల పొయ్యి రాజేసేటందుకు ఆమె ఇంటి నుంచే నిప్పు తెచ్చుకున్న." ఆమె గొంగడి భుజం మీద సర్దుకుని వాకిట్లోకి వచ్చింది. చేత్తో భవనం మొదటి అంతస్తును చూపించింది, అక్కడ ఇంకా పెంకుల కప్పే ఉన్నట్టు. "గిదే నాగవ్వ ఇల్లు. సంతల చింతపండు అమ్ముతుండె. పిల్లలు లేరు. పోయినంక మరిది కొడుకుకు వచ్చింది. వాడు కొడంగల్ సేటుకు అమ్మిండు. సేటు గింత పొడుగు కట్టిండు. రా, గిట్ల రా."

ఆమె ముందు నడుస్తుంటే దీక్షిత, నాగరాణి వెంట నడిచారు. దుకాణం ముందు ఆగి బుగ్గమ్మ గట్టిగా పిలిచింది. నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మెకానిక్ బయటికి వచ్చాడు.

"గీ జాగ మీ నాయిన ఎవరికాడ కొన్నడో చెప్పు మేడంకు."

"ఎంకమ్మ కొడుకు కాడ. మా కాగితంల ఆమె పేరే ఉంటది. తెచ్చి చూపించాల్నా?"

"చూపియ్యి అన్నా" అంది దీక్షిత. అతను తెచ్చి చూపించాడు. ఆమె ఫోటో తీసుకుంది.

"ఎంకమ్మకు రెండు బర్లుండె," అని బుగ్గమ్మ చెబుతూనే ఉంది. "మీ మామ గొర్లెంబడి పోయినప్పుడు నేను ఒక్కదాన్నే భయపడ్తనని కొట్టంల మంచమేసుకొని పండుకుంటుండె. పాలు పోస్తే పైసలు తీసుకోకపోతుండె."

ఇల్లు చుట్టి దొడ్డి వెనక్కి వచ్చారు. మూలన నాగరాణి సోమవారమే ఒబ్బిడిగా పేర్చిన కట్టెల మోపు ఉంది. బుగ్గమ్మ వంగి కట్టెలు ఒక్కొక్కటే పక్కకు లాగడం మొదలుపెట్టింది. నాగరాణి పరుగున వచ్చి చేయి వేసింది. అడుగున మోకాలెత్తున నిలువుగా పాతిన హద్దు రాతి కడీ బయటపడింది. నెత్తి మీద ఉలితో చెక్కిన గాటు.

"గిసుంటివి నాలుగు మూలలకు నాలుగున్నయి. మీ మామ పాతిండు. ముందటి రెండు గోడల కలిసిపోయినయి, గాట్లు మాత్రం కనవడ్తయి. నాలుగోది ఆ ప్రహరీ కింద."

దీక్షిత ఆ రాళ్ల మధ్య యంత్రం పెట్టి చూసింది, కాగితం చూసింది, మళ్లీ చూసింది. ఆమె ముఖం విచ్చుకుంది.

"అవ్వా, మీ వెనక గోడ ఇంకో అడుగున్నర బయటికి కట్టుకోవచ్చు. జాగ మీదే."

"ఎరుకే. మేకలు తిరిగేటందుకు ఇడిసినం."

చివరగా ఇంటి ముందు యజమానురాలి ఫోటో కావాలంది దీక్షిత. కొత్త చీర కట్టుకోమని, గొంగడి తీసేయమని నాగరాణి బతిమాలింది. బుగ్గమ్మ చీర మార్చుకుంది గానీ గొంగడి తీయలేదు. "ఉండనీ అక్కా, బాగుంది" అని దీక్షితే సర్దిచెప్పి, ఆకుపచ్చ గోడ ముందు ఆమెను నిలబెట్టి ఫోటో తీసింది.

చాయ్ నాగరాణే పెట్టింది. దీక్షిత తాగి లేస్తుంటే బుగ్గమ్మ లోపలి నుంచి రెండు దోసిళ్ల వేయించిన పల్లీలు తెచ్చి, అడగకుండానే ఆమె సంచి జేబులో పోసింది. ఆటో కదిలాక కోడలు తన వైపే చూస్తుండటం గమనించి అంది:

"ఏం చూస్తున్నవ్? చాయ్ పొయ్యనన్న. పల్లీలు ఇయ్యనని అనలే."

సాయంత్రం మేకలను కట్టేసి వచ్చి బుగ్గమ్మ కాగితాల సంచి తెచ్చి నాగరాణి ముందు పెట్టింది.

"పొద్దుగాల ఆ పిల్ల హద్దులే చదివింది. మొత్తం చదువు. గిన్నేండ్లాయె, గందుల ఏముందో ఒక్కసారన్న ఇనలే."

నాగరాణి తొమ్మిదో తరగతి దాకా చదివింది. మసకబారిన అక్షరాలను వేలితో వెంబడిస్తూ, ఆగి ఆగి చదివింది. అమ్మినవారి పేరు, ఊరు అయ్యాక కొన్నవారి సంగతి వచ్చింది.

"కిష్టప్ప భార్య బుగ్గమ్మ. వయస్సు ముప్పై రెండు సంవత్సరములు. వృత్తి వ్యవసాయము."

"ఏంది?"

"వయస్సు ముప్పై రెండు."

"గది కాదు. దాని ఎన్క."

"వృత్తి వ్యవసాయం. అంటే ఎవుసం చేస్తది అని."

బుగ్గమ్మ ముందుకు వంగింది. "అప్పటికి చేను పోయి రెండేండ్లు దాటె. మనకు జానెడు భూమి లేదు. నేను మిషన్ల బండలు కడగబోతుంటి. కాగితం రాసేటాయన నా దిక్కు చూసి, ఈమె ఏం పని చేస్తది అని మీ మామను అడిగిండు. నేను పిలగాన్ని ఎత్తుకొని జర దూరం నిలవడ్డ. ఈయన ఏం చెప్పిండో నాకు ఇనవడలే."

చేను పోయినా ఆమెది వ్యవసాయమే అని కిష్టప్ప చెప్పిన మాట ఆ కాగితంలోనే ఉంది. బుగ్గమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

"అది యాడ రాసుందో చూపెట్టు" అంది. నాగరాణి ఆమె వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టింది. ఆ వేలు అక్కడ చాలాసేపు ఉంది. తర్వాత కాగితం మళ్లీ మొదటి నుంచి చదివించుకుంది. శ్రీశైలం లారీ దిగి ఇంటికి వచ్చేటప్పటికి మూడోసారి నడుస్తోంది.

అప్పు మంజూరైందని బ్యాంకు వాళ్లు మూడు వారాలకు పిలిచారు. గిర్ని మిషను ఉగాదికి నాలుగు రోజుల ముందు వచ్చింది. కప్పు సందులు శ్రీశైలమే ఎక్కి నింపాడు. గల్లీ ఆడవాళ్లు రైలు గేటు దాటడం మానేశారు. నాగరాణి జుట్టు మీద ఇప్పుడు పప్పు దుమ్ముకు బదులు జొన్నపిండి ఉంటుంది. బుగ్గమ్మ గిర్ని పక్కన గోనె మీద కూర్చుని, వచ్చినవాళ్ల డబ్బాలు వరుసలో పెట్టిస్తుంది. మధ్యలో ఎవరైనా చొరబడితే కన్నడంలో తిడుతుంది.

ఈ మధ్య ఆమెకు ఇంకో పని పడింది. ఇంద్రమ్మ కూడా కూతురి చదువు కోసం ఇంటి మీద బ్యాంకు అప్పుకు పెట్టుకుంది. ఆమె కాగితంలోని హద్దులు ఆమెకే తెలియవు. ఒక పొద్దున కాగితం పట్టుకుని గిర్ని దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, జర వచ్చి చెప్పిపో" అని బతిమాలింది. బుగ్గమ్మ గొంగడి సర్దుకుని, కర్ర తీసుకుని బయలుదేరింది. పిండి చేతులతోనే నాగరాణి గుమ్మంలోకి వచ్చి చూసింది. బుగ్గమ్మ గల్లీ మధ్యలో నిలబడి ఇంద్రమ్మ ఇంటి నాలుగు దిక్కులూ కర్రతో చూపిస్తోంది.

"ఉత్తరం దిక్కు రాయి మీ స్నానాల గది కింద పోయింది. కట్టేటప్పుడే చెప్పిన, ఇనకపోతిరి. ఆ బండ లేపుండ్రి ముందుగాల, అక్కన్నే ఉంటది."